స్వాతికి, జీఆర్ఈ వెర్బల్ గురించి

చిరంజీవి స్వాతికి, అత్త ఆశీర్వదించి రాస్తున్నాను.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, విదేశాల్లో పైచదువుకి నువ్వు రాయబోయే జీఆర్ఈకి పెట్టిన మాక్ టెస్ట్ మార్కులు చెప్పాడు. ఒక్కోటీ 170కి, లెక్కల భాగం క్వాంట్‌లో 166, ఇంగ్లీషు భాగం వెర్బల్‌లో 143. "దానికి ఇంగ్లీషు అబ్బలేదే" అని బాధపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ ఆ భాషలోనే చదివినదానివి, ఇంగ్లీషు రాకపోవడమేమిటి? పొడవాటి వాక్యాన్ని విప్పి, అది ఏం చెప్పిందో, ఎంతవరకు చెప్పిందో పట్టుకోవడం నీకింకా అలవాటు కాలేదు, అంతే. విజయవాడలో పద్దెనిమిదేళ్లు పిల్లల్ని ఈ పరీక్షకి తయారుచేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రోజుకి వంద మాటలు బట్టీ పడుతున్నావట. ఆపెయ్. 2011 ఆగస్టుకి ముందు ఈ పరీక్షలో వ్యతిరేక పదాలు, పోలికల జంటలు అడిగేవాళ్లు. ఒంటి మాట ఇచ్చి దానికి వ్యతిరేకం చెప్పమంటే బట్టీ తప్ప దారి లేదు, అందుకే మేమంతా వేల మాటల పట్టికలు వల్లెవేశాం. ఆ ప్రశ్నలు పోయి ఇన్నేళ్లయినా పట్టికలు మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకి చేతులు మారుతూనే ఉన్నాయి. ఇప్పుడు ప్రతి మాటా వాక్యంలోనే వస్తుంది. ఆరేడు వందల మాటలు, ఒక్కోటీ ఒక మంచి వాక్యంతో సహా నేర్చుకుంటే నా లెక్కన సరిపోతుంది.

నిన్ను ఎక్కువగా ముంచేవి నీకు తెలుసనుకున్న మాటలే. క్వాలిఫై అంటే మనకి పరీక్ష గట్టెక్కడం. అక్కడ "క్వాలిఫైడ్ సపోర్ట్" అంటే షరతులు పెట్టి ఇచ్చే మద్దతు. శాంక్షన్ అనగానే మనకి బ్యాంకు లోను మంజూరు గుర్తొస్తుంది, కానీ ఆ మాటకే ఆంక్ష, శిక్ష అన్న అర్థమూ ఉంది. ఫ్లాగ్ అంటే నీరసించడం కూడా. ఎకానమీ అంటే పొదుపు, రాత గురించి చెబితే క్లుప్తత. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా విడిగా ఒక నోటుబుక్కులో ఎక్కించుకో. ఆ పుస్తకం నీ పట్టిక కంటే బాగా పనికొస్తుంది.

ఖాళీలు నింపే ప్రశ్నల్లో ఎంపికల వైపు ముందే చూడకు. వాక్యం చదివి, అక్కడ ఏ మాట రావాలో నీ అంతట నువ్వు అనుకో. తెలుగులో అనుకున్నా చాలు. "పైకి కటువుగా కనిపించినా, ఆయన ఎంత ____ మనిషో దగ్గరివాళ్లకి తెలుసు." ఇక్కడేం రావాలో నీకు ఒకరు చెప్పాలా? "కనిపించినా" అన్న మాట చివరి దీర్ఘమే చెప్పేసింది. ఇంగ్లీషులో ఆ పని ఆల్దో, డిస్పైట్, యెట్ లాంటివి చేస్తాయి. మనకి ఆ మలుపు క్రియ చివర వినిపిస్తుంది. వాళ్లకి చాలాసార్లు వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది, మన కన్ను దాన్ని గమనించకుండా దాటిపోతుంది. అందుకే ఆ మాటల కింద గీత గీస్తూ చదవడం అలవాటు చేసుకో. హార్డ్లీ, ఫార్ ఫ్రమ్ లాంటి మాటల కిందా గీత పడాలి, అవి "కాదు" అనకుండానే కాదనేస్తాయి.

మన తర్కశాస్త్రంలో వాక్యానికి ఆకాంక్ష ఉండాలంటారు. ఒక మాట తన అర్థం నిండటానికి ఇంకో మాట కోసం ఎదురుచూడటమే ఆకాంక్ష. ఖాళీ ప్రశ్న అడిగేది కూడా దాన్నే.

రెండు మూడు ఖాళీలున్నచోట అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు. మొదటి ఖాళీతోనే మొదలుపెట్టాలని లేదు, తేలికైనది ముందు తేల్చు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఒకే ఖాళీకి, వాక్యం అర్థం ఒకేలా వచ్చేలా, ఆరింటిలో రెండు మాటలు ఎంచుకోవాలి కదా, అక్కడ మన పిల్లలు ఒకే అర్థం వచ్చే జంట కనబడగానే పెట్టేస్తారు. ఆ వాక్యానికి అతకని జంటని కూడా కావాలనే ఉంచుతారు. ముందు వాక్యం, తర్వాతే జంట.

ఇక నీకు అసలు మార్కులు పోతున్నది పాసేజీల్లో. దీనికి కారణం మన భాష నడకలో ఉంది. "నిన్న ఊరినుంచి వచ్చిన కుర్రాడు" అంటాం. వర్ణనంతా ముందు, మనిషి తర్వాత. ఇంగ్లీషులో కుర్రాడు ముందొస్తాడు, వాడి వెనక హూ, విచ్, దట్ అంటూ వర్ణన మూడు లైన్లు సాగి, ఎప్పటికో క్రియ వస్తుంది. అప్పటికి కర్త ఎవరో మరిచిపోతాం. కాబట్టి ముందు ప్రధాన క్రియని వెతుకు, దాని కర్తని పట్టుకో, మిగతాదంతా కాసేపు పక్కన పెట్టు. పదో తరగతిలో పద్యానికి అన్వయం చేసేదానివి, గుర్తుందా? చెల్లాచెదురుగా ఉన్న మాటల్ని గద్యం వరసలోకి తెచ్చేవాళ్లం. ఇదీ ఆ పనే.

అన్వయం అయ్యాక తాత్పర్యం. పేరా అయిపోగానే తల పైకెత్తి రెండు తెలుగు వాక్యాల్లో చెప్పుకో: ఈయన ఏమంటున్నాడు, ఎవరి మాటని కాదంటున్నాడు, ఎంత గట్టిగా కాదంటున్నాడు. మూడోది బాగా పట్టించుకో. పేరాలో "కొన్నిసార్లు" అని ఉంటే తప్పు జవాబులో "ఎప్పుడూ" అని ఉంటుంది. "అయి ఉండొచ్చు" అన్నది అక్కడ "అయింది" అవుతుంది.

నా దగ్గర ఫార్మసీ చదివిన అమ్మాయి ఒకతి ఉండేది, చాలా తెలివైనది. మందుల మీద పాసేజీ వస్తే మాత్రం తప్పులు చేసేది. తను కాలేజీలో చదువుకున్న నిజాన్ని జవాబుగా పెట్టేది, ఆ నిజం పేరాలో ఉండేది కాదు. ప్రతి జవాబుకీ పేరాలో ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపించమన్నాను. నెల తిరిగేసరికి ఆ తప్పులు పోయాయి. నువ్వూ అలాగే చెయ్యి. మూడు ఎంపికలిచ్చి వర్తించేవన్నీ ఎంచమన్నప్పుడు ఒకటే కావచ్చు, మూడూ కావచ్చు. ఒక్కోదాన్నీ విడిగా విచారించు.

సమయం సంగతి నీకు తెలిసే ఉంటుంది: 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్ మొదటి సెక్షన్‌లో 18 నిమిషాలకి 12 ప్రశ్నలు, రెండో దానిలో 23 నిమిషాలకి 15. మొదటిది ఎలా చేశావన్నదాన్ని బట్టే రెండోదాని కష్టం ఉంటుంది, అందుకని మొదటి పన్నెండింటిలో తొందరపడి పారేసుకోకు. ఎక్కడైనా రెండు నిమిషాలు దాటితే గుర్తుపెట్టి ముందుకెళ్లు, ఆ సెక్షన్ టైము ఉన్నంతవరకు వెనక్కి రావచ్చు. తప్పుకి మార్కు కోత లేదు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకు.

ఈ పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ మాక్ పరీక్షలు రెండున్నాయి. ఒకటి వచ్చే వారం రాయి, రెండోది పరీక్షకి పది రోజుల ముందు వరకు ముట్టుకోకు. నువ్వు అప్లై చేసే విభాగాల్లో అసలు ఈ స్కోరు ఏవి అడుగుతున్నాయో కూడా చూసుకో, చాలాచోట్ల మానేశారు.

రేపటినుంచి రోజూ ఒక వ్యాసం చదువు. నీ బ్రాంచికి సంబంధం లేనిదే చదువు: చరిత్ర, చిత్రలేఖనం, పక్షులు, ఏదైనా సరే. చదివాక రెండు వాక్యాల తాత్పర్యం తెలుగులో రాసి నాకు వాట్సాప్‌లో పంపు, వ్యాసం లింకు కూడా పెట్టు. రాత్రి భోజనాలయ్యాక నేనూ చదివి, ఎక్కడ ఎక్కువ చెప్పావో, ఎక్కడ తక్కువ చెప్పావో రాస్తాను. ఆదివారం మాత్రం ఫోన్లో మాట్లాడుకుందాం, తప్పయిన ప్రశ్నలన్నీ దగ్గర పెట్టుకో.

మీ అత్త