రోళ్లు పగిలే ఊళ్లో వేడి అమ్మే ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. విజయవాడలో ఒక డీలర్ సేల్స్ ఇంజినీరుగా రమ్మంటున్నారు. నేల కింద పైపులు పరిచి, వేడినీళ్లు తిప్పి ఇల్లు వెచ్చగా ఉంచే 'హైడ్రానిక్ హీటింగ్' అమ్మాలట. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే చోట అది ఎవరు కొంటారండీ? వాడేమో చేరతానని పట్టుబట్టాడు.
– ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చెప్పొద్దూ, మీ ఉత్తరం చదవగానే నాకూ నవ్వొచ్చింది. జనవరి తెల్లవారుజామున కూడా ఒక్క దుప్పటి చాలే ఊళ్లు మనవి. గదులు వెచ్చబెట్టే సరంజామాకు గిరాకీ సిమ్లా, మనాలి, లేహ్ వైపే. అక్కడిదాకా మీ అనుమానం సబబేనమ్మా.

అయితే ఆ డీలర్ ఇంకా ఏమేం అమ్ముతాడో అబ్బాయి అడిగాడా? హైడ్రానిక్ అంటే నీళ్లతో వేడినో చల్లదనాన్నో మోయించడం. కిలో గాలి మోసే వేడికి నాలుగు రెట్లు కిలో నీళ్లు మోస్తాయి. పంపు ఎంతది, పైపు సైజెంత, పోయే నీటికీ తిరిగొచ్చే నీటికీ ఎన్ని డిగ్రీల తేడా అన్న లెక్క వస్తే చాలు. నేల కింద 40 డిగ్రీల నీళ్లు తిప్పినా, పెద్దాసుపత్రి ఏసీ ప్లాంటులో 7 డిగ్రీల నీళ్లు తిప్పినా విద్య ఒకటే. అమరావతి ప్రభుత్వ భవనాలకు ఇలాగే ఒకేచోట నీళ్లు చల్లబరిచి పైపుల్లో పంపే డిస్ట్రిక్ట్ కూలింగ్ కోసం 2019లోనే ఒప్పందం జరిగింది.

ఇక వేడినీళ్ల సంగతి. గది వెచ్చబెట్టుకోం గానీ, స్నానానికి వేడినీళ్లు లేకపోతే లాడ్జి కౌంటర్ దగ్గర గొడవే. హీట్ పంపు అనే యంత్రం బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది. గాలి ఎంత వేడిగా ఉంటే దాని పని అంత తేలిక. లేహ్ చలిలో ఆపసోపాలు పడే యంత్రం బెజవాడలో హాయిగా నడుస్తుంది. అబ్బాయి పట్టుకోవాల్సిన కీలకం ఇదే.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జికి రోజుకు 2,000 లీటర్ల వేడినీళ్లు కావాలనుకుందాం. 25 డిగ్రీల నీళ్లను 55కి తేవాలంటే మామూలు గీజర్లకు దాదాపు 70 యూనిట్ల కరెంటు పడుతుంది. ఒక యూనిట్ తీసుకుని మూడున్నర యూనిట్ల వేడినిచ్చే హీట్ పంపుకు 20 చాలు. యూనిట్ పది రూపాయలనుకుంటే రోజుకు 500 మిగులు. ఓనరు ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగితే, బ్రోచర్ తీయాల్సిన పనే ఉండదు.

అమ్మాక మాట పడకుండా ఉండాలంటే నీళ్ల గురించీ తెలియాలి. బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజర్ రాడ్డుకు తెల్లగా పెచ్చులు కట్టడం మీరు చూసే ఉంటారు. పెద్ద యంత్రం లోపలా అదే జరుగుతుంది. నీళ్లు పరీక్ష చేయించకుండా ఆర్డరు తీసుకునే సేల్స్‌మన్ రెండో ఏడాది ఆ వీధిలోకి వెళ్లలేడు.

చేరేముందు అబ్బాయిని మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోమనండి. టార్గెట్ దేనిమీద? ఇళ్ల హీటింగ్ ఒక్కదానిమీదే అంటే మొహమాటపడకుండా వద్దనేయాలి. హీట్ పంపులు, సోలార్ వాటర్ హీటర్లు, ఏసీ ప్లాంట్ల పంపులు, వాల్వులు కూడా ఉంటే చేరొచ్చు. ఇన్సెంటివ్ ఆర్డరు వచ్చినప్పుడా, డబ్బు వసూలయ్యాకా? మన దగ్గర వసూళ్లకు ఆర్నెల్లు పట్టడం మామూలే, కాబట్టి ఫిక్స్‌డ్ జీతం మీదే ఇల్లు గడిచేలా ఉండాలి. మూడోది, సర్వీసు మెకానిక్కులు సొంత మనుషులేనా? కాకపోతే అర్ధరాత్రి లాడ్జి ఓనరు ఫోన్ చేసేది మీవాడికే.

మొదటి ఆర్నెల్లూ సేల్స్‌కి కాకుండా ఇన్‌స్టలేషన్ టీమ్‌తో సైట్లకు పంపుతారేమో కూడా అడగమనండి. పంపుతామంటే జీతం వెయ్యి, రెండువేలు తగ్గినా నేనైతే ఒప్పుకోమంటాను.