బయానా ఇవ్వకముందే చదువు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

జపాన్ నుంచి తెప్పించుకుంటానంటూ నువ్వు పంపిన పాత నిస్సాన్ స్కైలైన్ కారు ఫొటోలు చూశాను. బండి ముచ్చటగా ఉంది. అందుకే కాస్త భయంగానూ ఉంది. ముందు నువ్వు కనుక్కోవలసింది అది ఏ నెలలో తయారైందన్నది. పరాయి మార్కెట్టు కోసం చేసిన కారును అమెరికా 25 ఏళ్లు నిండితేనే, కెనడా 15 ఏళ్లు నిండితేనే తమ భద్రతా ప్రమాణాల నుంచి మినహాయిస్తాయి. లెక్క నెలతో సహా చూస్తారు. తొందరపడి ఓడ ఎక్కిస్తే బండి రేవులో చిక్కుకుంటుంది, నిలవ రుసుము నీ నెత్తిన పడుతుంది. కొన్ని దేశాల తీరు ఇందుకు పూర్తిగా ఎదురు, అవి పాత బండిని గుమ్మం తొక్కనివ్వవు. అందుకని అమ్మేవాడికంటే ముందు నీ దేశపు కస్టమ్స్‌కూ రవాణా శాఖకూ రాయి. జవాబు కాగితం మీద తీసుకో.

సుంకాన్ని చాలాచోట్ల ఓడ కిరాయి, బీమా కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు. ఆపైన మళ్లీ పన్ను. ఇది తెలియకే చాలామంది మునుగుతారు.

జపాన్‌లో పాత కార్లు అమ్మే వేలంలో ప్రతి బండికీ తనిఖీ పత్రం ఉంటుంది. కారు బొమ్మ మీద గీత పడ్డ చోట ‘ఎ’, సొట్ట ఉన్న చోట ‘యు’, తుప్పు ఉన్న చోట ‘ఎస్’ అని ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. బండి మొత్తం స్థితికి వేసే గ్రేడు గడిలో ‘ఆర్’ కనిపిస్తే ఎక్కడో గుద్దుకుని బాగుచేయించిన బండి అని అర్థం. గ్రేడు నాలుగున్నర అని మురిసిపోకు. మంచు ప్రాంతంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కారు కిందిభాగాన్ని తినేస్తుంది, పైరంగు మాత్రం నవనవలాడుతుంటుంది. కిందినుంచి తీసిన ఫొటోలు అడుగు.

జపాన్‌లో అమ్మే కార్లకు 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండదు, పొట్టి ఛాసిస్ నంబరే ఉంటుంది. నేను జపాన్ నుంచి తెప్పించుకున్న బండి బీమాకు వెళ్తే అక్కడి కంప్యూటర్ 17 గడులూ నిండందే కదలనని మొరాయించింది. సున్నాలు కలిపేద్దామన్నాడు గుమాస్తా. నేను ససేమిరా అన్నాను. బండి మీద ఒక నంబరు, పాలసీలో ఇంకొకటి ఉంటే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఎవరు వింటారు? విడిభాగాలు కూడా ఆ ఛాసిస్ నంబరు చెప్పే తెప్పించుకోవాలి, మోడల్ పేరు చెబితే వేరేవి వస్తాయి.

ఇంకొకటి, నవ్వకు. మొదటి వారం రాత్రిపూట ఎదురొచ్చిన ప్రతివాడూ నాకు లైటు కొట్టేవాడు. కారును మెచ్చుకుంటున్నారని పొంగిపోయాను. ఒకరోజు గోడకు ఎదురుగా ఆపి చూస్తే, వెలుగు ఎడమవైపు మెట్టులా పైకి లేచి ఉంది. ఎడమపక్కన నడిచే దేశానికి ఆ దీపాలు సరే. నేనేమో కుడిపక్కన నడుపుతూ అందరి కళ్లలోకీ కొడుతున్నాను! దీపాలు మార్పించేదాకా రాత్రి బండి తీయలేదు. రేడియో పలకదు, మీటరు మైళ్లు చూపదు, వాటిదేముంది, అలవాటవుతుంది.

జపాన్‌లో రిజిస్ట్రేషన్ రద్దయిన ధ్రువపత్రం అసలుది నీ చేతికి రావాలి, నకలు పనికిరాదు. తనిఖీ పత్రం రాగానే నాకు పంపు. ఆ భాష చదివే మిత్రుడున్నాడు, చూపించి చెబుతాను. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

మీ మామయ్య