క్లినిక్ కడగకుండా పంపిన పళ్ల అచ్చు (ఇంప్రెషన్), ల్యాబ్‌లో హైపో: బ్రిడ్జి కూర్చోకపోతే తప్పెవరిది?

ప్రశ్న: మాది కడప జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో డెంటల్ ల్యాబ్ నడుపుతున్నాను, నలుగురు టెక్నీషియన్లు ఉన్నారు. ఒక క్లినిక్ నుంచి ఇంప్రెషన్లు రక్తం, ఉమ్మితోనే వస్తాయి. మేమే క్రిములు చావడానికి సోడియం హైపోక్లోరైట్ (హైపో) ద్రావణంలో ముంచి, కడిగి, స్టోన్ (గట్టి జిప్సం) పోసి పళ్ల మోడల్ తీస్తాం. ఈమధ్య ఒక మూడు పళ్ల బ్రిడ్జి (పక్క పళ్ల మీద బిగించే కట్టుడు పళ్లు) పేషెంటు నోట్లో కూర్చోలేదు. ఆ కేసులో పని ఇంప్రెషన్ పుట్టీ–లైట్ బాడీ అడిషన్ సిలికాన్ (రబ్బరు లాంటి అచ్చు పదార్థం), ఎదుటి దవడది ఆల్జినేట్ (నీళ్లతో కలిపే జెల్ లాంటి అచ్చు పదార్థం). ‘మందులో నానబెట్టి మీరే పాడుచేశారు’ అని డాక్టరుగారు రెండు నెలల బిల్లులు 1,38,000 రూపాయలు ఆపేశారు. పైగా 2 లక్షలు పరిహారం కట్టాలని లాయరు నోటీసు పంపించారు. ఎంతసేపు ముంచామో మావాళ్లు రాసిపెట్టలేదు. అదే రోజు మా టెక్నీషియన్ అబ్బాయికి ఆ ఇంప్రెషన్ ఉన్న ట్రే అంచు తగిలి వేలు తెగింది. చట్టం మా వైపు ఉందా?

జవాబు: చాలావరకు ఉంది. కానీ ‘కడగడం మా పని కాదు’ అని మాత్రం జవాబు రాయకండి. ఇంప్రెషన్ మీ చేతికి వచ్చింది, మీరు ముంచారు. ఇక తేలాల్సింది ఎంత జాగ్రత్తగా ముంచారన్నదే.

పని కోసం ఒకరి వస్తువు మరొకరి చేతికి వచ్చి, పని అయ్యాక తిరిగి ఇవ్వాల్సి ఉంటే, లేదా ఇచ్చినవారు చెప్పినట్టు దాన్ని వదిలించుకోవాల్సి ఉంటే, 1872 కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ దాన్ని బెయిల్‌మెంట్ అంటుంది. ఇంప్రెషన్, దాని మోడల్ ఈ లెక్కలోకి వస్తాయని వాదించడానికి మీకు గట్టి ఆధారం ఉంది. అలా వచ్చిన వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ చెబుతుంది. వస్తువు చెడిందన్నప్పుడు, జాగ్రత్త తీసుకున్నామని చూపే భారం సాధారణంగా అది ఎవరి చేతిలో ఉందో వారిదే, అంటే మీదే. సమయం రాసుకోకపోవడం మీకు దెబ్బ కొట్టేది ఇక్కడే.

మీకు బలమిచ్చేది 150వ సెక్షన్. వస్తువు ఇచ్చేవారు, దానివల్ల పుచ్చుకునేవారికి అసాధారణమైన ప్రమాదం ఉందని తెలిస్తే ఆ సంగతి చెప్పి తీరాలి. చెప్పకపోతే, దానివల్ల నేరుగా కలిగిన నష్టానికి బాధ్యత ఇచ్చినవారిదే. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పేషెంటుకు ఏ జబ్బు ఉందో క్లినిక్ స్లిప్ మీద రాయాలని మీరు పట్టుబట్టకూడదు. హెచ్ఐవీ స్థితిని పేషెంటు సమ్మతి లేకుండా బయటపెట్టకూడదన్నది 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టంలోని సాధారణ నియమం. క్లినిక్ చెప్పాల్సింది జబ్బు పేరు కాదు, ఇంప్రెషన్ శుద్ధి అయిందా లేదా, దేనితో చేశారు, ఎన్ని నిమిషాలు అన్నదే. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో ఇచ్చిన దంతవైద్య మార్గదర్శకాలూ ఇంతే చెబుతాయి: ల్యాబ్‌లో ఎవరూ ముట్టుకోకముందే ఇంప్రెషన్‌ను కడిగి శుద్ధి చేయాలి, బయటి ల్యాబ్‌కు పంపితే ఏ పద్ధతిలో చేశారో రాసి పంపాలి. అది మన దేశంలో చట్టం కాదు. అయినా వృత్తిలో ఆమోదం ఉన్న పద్ధతి ఏమిటని కోర్టు అడిగినప్పుడు చూపడానికి పనికొస్తుంది.

ఇక ‘మందులో నానబెట్టి పాడుచేశారు’ అన్న ఆరోపణ. నోటీసులో ఈ ముక్కకు వివరం లేకపోతే మీ జవాబులో దాన్నే గట్టిగా పట్టుకోండి. ఆల్జినేట్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. దానికి 0.5 శాతం హైపో చల్లి, మూసిన కవర్లో 10 నిమిషాలు ఉంచి, కడిగి వెంటనే స్టోన్ పోయాలి. అడిషన్ సిలికాన్ అలాంటిది కాదు. పది నిమిషాల ముంచుడుకు దాని కొలతలు చెప్పుకోదగినంత మారవు. మీ కేసులో బ్రిడ్జి తయారైంది సిలికాన్ మీద. ఎదుటి దవడ ఆల్జినేట్ చెడితే కొరుకు ఎత్తుగా వస్తుంది తప్ప, బ్రిడ్జి పంటి మీదికి దిగకుండా ఆగదు. ‘కూర్చోలేదు’ అంటే అంచుల దగ్గర ఖాళీ ఉందా, కొరుకు ఎత్తుగా ఉందా? రాతపూర్వకంగా అడగండి. ఈ రెండూ వేర్వేరు తప్పులు.

మరొకటి. ఆ బ్రిడ్జి మీ మోడల్ మీద సరిగ్గా కూర్చుంటోందా? మోడల్ మీద కూడా కూర్చోకపోతే తప్పు మీ వ్యాక్సింగ్‌లోనో (మైనంతో రూపం చేయడం) కాస్టింగ్‌లోనో (లోహం పోత పోయడం) ఉంది, మందు ప్రసక్తే లేదు. మోడల్ మీద కూర్చుని నోట్లో కూర్చోకపోతే, ఇంప్రెషన్ నోట్లోంచి తీసేటప్పుడు లాగి ఉండొచ్చు, ట్రే వంగి ఉండొచ్చు, తాత్కాలిక క్యాప్ సరిగా లేక పక్క పన్ను జరిగి ఉండొచ్చు, క్లినిక్‌లో ఒకసారి, మీ దగ్గర ఒకసారి శుద్ధి జరిగి ఉండొచ్చు. అందుకే ఇంప్రెషన్, మోడల్, డై (విడి పన్ను నమూనా) ఏదీ పారేయకండి. బ్రిడ్జిని కూడా భద్రంగా ఉంచాలని, ఉమ్మడి పరీక్షకు ఇవ్వాలని నోటీసు జవాబులోనే కోరండి. ఈలోపు వాళ్లు దాన్ని సిమెంట్ చేసేసినా, అరగదీసినా అది మీకు అనుకూలంగా నిలిచే సంగతి.

ముంచిన సమయం గుర్తులేకపోతే ‘సరిగ్గా పది నిమిషాలు’ అని రాయకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ కుర్రాడు ‘అరగంట అయ్యుంటుంది’ అన్నాడంటే మిగతా నిజాలు కూడా చెల్లకుండా పోతాయి. మీ ల్యాబ్ అలవాటు ఏమిటో ఉన్నదున్నట్టు రాయండి.

ఇకమీదట ప్రతి ట్రేతో ఒక స్లిప్ ఉండాలి. అందులో వచ్చిన సమయం, వచ్చినప్పటి స్థితి (రక్తం ఉందా, ఆరిపోయిందా), క్లినిక్ చేసిన శుద్ధి, మీరు వాడిన ద్రావణం, దాని శాతం, ముంచిన సమయం, తీసిన సమయం, సంతకం. పెట్టె తెరిచిన క్షణమే ఒక ఫొటో. బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో స్కూటర్ డిక్కీలో గంటసేపు మగ్గి ఆరిన ఆల్జినేట్‌ను తెరవగానే ఫొటో తీసి వెనక్కి పంపితే, ఆ తగాదా అక్కడితో ఆగిపోతుంది.

ద్రావణం మాటకొస్తే, సీసా మీది శాతం చదవకుండా కలపడం వల్లే ఎక్కువ చిక్కులు. 5 శాతం హైపో 100 మిల్లీలీటర్లకు 900 నీళ్లు కలిపితే 0.5 శాతం వస్తుంది. సీసా 10 శాతానిదైతే 50కి 950. ఎండకు, వేడికి బలం తగ్గుతుంది కాబట్టి ఏరోజుకారోజు కలపాలి. ముందు పారే నీటిలో రక్తం పోయేదాకా కడగాలి, రక్తం మిగిలితే క్లోరిన్ దానిమీదే ఖర్చైపోతుంది. జింక్ ఆక్సైడ్ యూజినాల్ ఇంప్రెషన్‌కు హైపో పనికిరాదు, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ వాడాలి. దానికి మూత ఉన్న డబ్బా, గ్లౌజులు, కళ్లద్దాలు, గాలాడే గది తప్పనిసరి. హైపోలో యాసిడ్ ఏదీ కలవకూడదు, విషవాయువు వస్తుంది.

బిల్లుల సంగతి. ఒక బ్రిడ్జి తగాదా చూపించి మిగతా పనుల డబ్బు ఆపడం నిలవదు. వాళ్లడిగే 2 లక్షలు ఇంకా ఎక్కడా తేలని పరిహారం, మీ బిల్లులు తేలిన బాకీ. వేరే పేషెంట్ల పనుల బాకీకి దాన్ని జమకట్టుకునే హక్కు మామూలుగా లేదు. మీకు ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉంటే, చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చాలా మేలు చేస్తుంది. డెలివరీ అయిన 15 రోజుల్లోపు రాతపూర్వక అభ్యంతరం రాకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే కర్ణాటక ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. రిజిస్ట్రేషన్ సరఫరాకు ముందే ఉండటం క్షేమం. లేకపోతే సివిల్ దావా ఉండనే ఉంది, గడువు 3 ఏళ్లు. డాక్టరు అడిగే మొత్తంలో నేరుగా మీ తప్పు వల్ల కలిగిందని రుజువైన నష్టానికే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద పరిహారం వస్తుంది. మీరు ఉచితంగా మళ్లీ చేసిస్తామని అని ఉంటే ఆ మెసేజ్ దాచుకోండి.

డబ్బు ఇవ్వలేదని వేరే పేషెంటు క్యాప్‌ను ఆపకండి. 170వ సెక్షన్ ఇచ్చే హక్కు ఏ పని చేశారో ఆ వస్తువు మీద, ఆ పని కూలికే. పాత బాకీకి కొత్త వస్తువు పట్టి ఉంచే హక్కు 171వ సెక్షన్‌లో బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉంది.

వేలు తెగిన అబ్బాయి విషయం మాత్రం కోర్టు తేదీల కోసం ఆగేది కాదు. సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు. హెచ్ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లో 72 గంటల్లోపే మొదలవ్వాలి. ఆ గడువు దాటిపోయినా డాక్టరు చెప్పిన ప్రకారం రక్త పరీక్షలు చేయించండి. హెపటైటిస్ బి వైరస్ ఆరిన చోట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది, కాబట్టి నలుగురికీ 0, 1, 6 నెలల్లో మూడు డోసుల టీకా వేయించండి. పది మంది లోపు ఉన్న మీ ల్యాబ్‌కు ఈఎస్ఐ తప్పనిసరి కాదు. దాని అండ లేనప్పుడు పనిలో కలిగిన గాయానికి పరిహారం అడిగేది మిమ్మల్నే. ఖర్చుల రసీదులన్నీ ఉంచండి, 150వ సెక్షన్ కింద క్లినిక్ నుంచి రాబట్టుకోవాల్సింది ఆ మొత్తమే. వాడేసిన ఇంప్రెషన్లు నగరపాలిక చెత్త బండిలో వేయకండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల కింద వాటిని ఎవరు అప్పగించాలో క్లినిక్‌తో రాతలో తేల్చుకోండి.

నోటీసులో ఇచ్చిన గడువులోపు జవాబు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి. డాక్టరుగారు తెలుగులో పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్‌లు తుడిచేయకండి. అవి కోర్టులో చెల్లాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, బెంగళూరు కోర్టులో కన్నడంలోగానీ ఇంగ్లిషులోగానీ అనువాదం జతచేయాలి. ఆ ఫోన్ మార్చకుండా ఉంచండి.