కడుపుతో ఉన్నప్పుడు పొగ పీలిస్తే బిడ్డ బరువు తగ్గుతుందా?

తిరుపతి బస్టాండు పక్కనే కాపురమనీ, ఇప్పుడు ఐదో నెల అనీ, మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా అనీ అడిగారు. గుడ్డ మాస్కయితే సరిపోదు. ఇల్లు మారగలిగితే మారండి, లేదంటే రోడ్డు వైపు గది వదిలేసి వెనక గదిలో పడుకోండి.

మా అత్తగారి ఊరు చిత్తూరు దగ్గర. ఇంటి గోడకు ఆనుకునే బెల్లం గానుగ. ఒకసారి పొయ్యి వెలిగిస్తే చెరకు అయిపోయేదాకా ఆరేది కాదు. ఎండిన పిప్పి వేసిన రోజు ఫరవాలేదు, తీపి వాసన వచ్చేది. పిప్పి పచ్చిగా ఉంటే పాత టైర్ల ముక్కలు పడేసేవారు. మంచు పడే తెల్లవారుజామున ఆ పొగ పైకి లేవక మా పెరట్లోనే కూర్చునేది. దండెం మీది మామగారి పంచె మడతల్లో మసి. ఏడో నెలలో నేను ముక్కు చీదితే కొంగు నల్లబడేది. మా నాన్న వచ్చి తీసుకెళతానంటే, సీమంతం అయ్యాకే పంపిస్తామన్నారు.

నెలలు నిండే పుట్టింది పాప. తూకంలో 2 కిలోల 100 గ్రాములు. 2.5 కిలోలు లేకపోతే తక్కువ బరువు కిందే లెక్క. నర్సు మొదటి మాట, "సరిగా తినలేదా అమ్మా?" చూడడానికి వచ్చిన వాళ్లందరిదీ అదే పాట. సంకటి, పాలు, గుడ్డు ఏ రోజూ మానలేదు నేను. పొగ సంగతి ఒక్కరూ అడగలేదు. బిడ్డ సన్నగా పుడితే తల్లి నోటినే ఎందుకు తప్పుపడతారో!

రెండో కాన్పు నాటికి తిరుపతిలో కపిలతీర్థం వైపు ఉన్నాం. బాబు 2 కిలోల 900. తిండి అదే, మనిషినీ నేనే. రెండో బిడ్డ ఎలాగూ కాస్త బరువుంటుందని మా మరిది వాదన. చెన్నై పరిశోధకులు 1,285 మంది గర్భిణులను పరిశీలించి 2018లో ప్రచురించిన లెక్క కూడా తీశాడు: ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే బిడ్డ బరువులో తేడా సుమారు 4 గ్రాములేనట. మా గానుగ పొగ పదితో ఆగేదా? 2019లో బెల్జియం పరిశోధకులకు కడుపులో బిడ్డను పోషించే మాయలో (ప్లాసెంటాలో), అదీ బిడ్డ వైపున, మసి కణాలు కనిపించాయి. నా కొంగు మీద చూసినదే కదా అనిపించింది నాకు.

గానుగ ఇంకా నడుస్తోంది. మొన్న సంక్రాంతికి వెళితే రెండు అచ్చుల బెల్లం ఇచ్చారు. తెచ్చుకున్నాను, రుచికి వంక పెట్టలేం.