మాంసం లేని క్రిస్మస్ విందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు రెండేళ్లుగా మాంసం మానేశారు. ఈసారి క్రిస్మస్‌కు అందరం శాకాహారమే తిందామని నేనంటే, మా వారు “మాంసం లేకుండా అదేం క్రిస్మస్?” అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?

జవాబు: మాంసం లేని క్రిస్మస్ భోజనం నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదని ముందుగా ఆయనకు చెప్పండి. పోలండ్‌లో డిసెంబర్ 24 రాత్రి కుటుంబమంతా కలిసి చేసే ‘విగిలియా’ భోజనంలో ఆనవాయితీగా మాంసం ఉండదు. ఆకాశంలో తొలి నక్షత్రం కనిపించాక భోజనానికి కూర్చుని, బీట్‌రూట్ సూప్, క్యాబేజీ, పుట్టగొడుగులు నింపి ఉడికించిన పిండివంటలు మొదలుకొని పన్నెండు రకాలు వడ్డించుకోవడం అక్కడి ఆచారం. లిథువేనియాలో అదే రాత్రి తినే భోజనంలో మాంసమే కాదు, పాలు, గుడ్లు కూడా ఉండవు. ఉక్రెయిన్‌లో గోధుమలు, గసగసాలు, తేనె కలిపి చేసే ‘కుట్యా’ ఆ రాత్రి భోజనంలో ముఖ్యమైన వంటకం. జనవరి 7న క్రిస్మస్ చేసుకునే ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు అంతకు ముందు 43 రోజుల పాటు మాంసం, పాలు, గుడ్లు ముట్టకుండా ఉపవాసం ఉంటారు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. పోలండ్, లిథువేనియా భోజనాల్లో చేపలు ఉంటాయి, ఉపవాసం ముగిశాక పండుగ రోజున ఇథియోపియాలో మాంసం వండుతారు. కాబట్టి వీటిని పూర్తి శాకాహార పండుగలని అనలేం గానీ, మాంసం లేని బల్ల చుట్టూ కూర్చుని క్రిస్మస్‌ను భక్తిగా, సంతోషంగా జరుపుకున్న తరాలు చాలానే ఉన్నాయని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

మీ వారి అసలు బెంగ మాంసం గురించి కాకపోవచ్చు. ఇల్లంతా కమ్ముకునే కాల్పు వాసన, పెద్ద పళ్లెంలో బల్ల మధ్యకు వచ్చే ఒక వంటకం, దాన్ని అందరి ఎదుటా కోసి పంచడం, ఇవి పోతాయేమోనని ఆయన భయం కావచ్చు. అవి పోకుండా చూసుకుంటే ఆయన అభ్యంతరం చాలావరకు కరిగిపోతుంది. తరువాతి జవాబు అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: ఎనిమిది మందికి వండాలి. కూరగాయల వంటకాలు నాలుగైదు చేయగలను కానీ, అన్నీ పక్క వంటకాల్లాగే కనిపిస్తున్నాయి. మధ్యలో ఏం పెట్టాలి?

జవాబు: మీరు సరైన లోపాన్నే పట్టుకున్నారు. శాకాహారులను విందుకు పిలిచి, మిగతావాళ్ల పళ్లెంలో ఉన్నవే మాంసం తీసేసి పెట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. బంగాళదుంపలు, క్యారెట్లు, బఠాణీలు ఎంత రుచిగా ఉన్నా, అవి ఒక ముఖ్య వంటకానికి తోడుగా తినవలసినవే. మీరు చేయవలసింది ఆ ముఖ్య వంటకాన్ని ముందుగా నిర్ణయించుకుని, మిగతావన్నీ దానికి అనుగుణంగా ఎంచుకోవడం.

నా సిఫారసు నట్ రోస్ట్, అంటే గింజపప్పులు, పుట్టగొడుగులు కలిపి బ్రెడ్‌లా టిన్‌లో కాల్చి ముక్కలుగా కోసే వంటకం. ఎనిమిది మందికి 300 గ్రాముల గింజపప్పులు (అక్రోట్లు, జీడిపప్పు, బాదం కలిపి), 150 గ్రాముల ఉడికిన చెస్ట్‌నట్స్, 300 గ్రాముల పుట్టగొడుగులు, రెండు ఉల్లిపాయలు, రెండు సెలెరీ కాడలు, 150 గ్రాముల బ్రెడ్ పొడి, సేజ్, థైమ్ ఆకులు సరిపోతాయి. గింజపప్పులను పొడి చేయకూడదు. సగం మెత్తగా, సగం పలుకులుగా ఉంటేనే నోటికి ఏదో నమిలిన తృప్తి కలుగుతుంది. మిశ్రమం విడిపోకుండా పట్టి ఉంచడానికి రెండు గుడ్లు చాలు. గుడ్లు తినని అతిథులుంటే రెండు టేబుల్ స్పూన్ల అవిసె గింజల పొడిని ఆరు టేబుల్ స్పూన్ల నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురుగా మారి అదే పని చేస్తుంది. ‘శాకాహారి’ అన్న మాటకు ఒక్కొక్కరికి ఒక్కో అర్థం ఉంటుంది కనుక గుడ్లు, పాలు, జున్ను తింటారో లేదో వారం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ వంటకం చెడేది ఎక్కువగా పుట్టగొడుగుల దగ్గరే. సన్నగా తరిగి వెడల్పాటి పెనంలో వేసిన కాసేపటికి వాటిలోంచి నీరు ఊరి, పెనం అడుగంతా నిండిపోతుంది. చాలామంది అవి ఉడికాయనుకుని అక్కడే దింపేస్తారు. దింపకండి. ఆ నీరంతా ఇగిరిపోయే వరకు ఆగితే, బుడబుడమనే శబ్దం మెల్లగా తగ్గి, నూనెలో వేగే చిటపట మొదలవుతుంది. ముక్కల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడే దింపాలి. ఆ తేమ లోపల మిగిలిపోతే రోస్ట్ ఎంత సేపు కాల్చినా మధ్యలో ముద్దగానే ఉంటుంది.

బటర్ పేపర్ పరిచిన 900 గ్రాముల బ్రెడ్ టిన్‌లో మిశ్రమాన్ని గట్టిగా అదిమి, పైన ఫాయిల్ కప్పి, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 50 నిమిషాలు కాల్చాలి. బయటికి తీశాక కనీసం పావుగంట కదిలించకండి. నేను మొదటిసారి చేసినప్పుడు అందరూ ఎదురుచూస్తున్నారని వేడివేడిగా కోస్తే, తొలి ముక్క పళ్లెంలోకి చేరేలోపే పొడిపొడిగా రాలిపోయింది. ఆ పావుగంటలోనే అది గట్టిపడి, కత్తికి చక్కగా లొంగుతుంది. కలిపిన మిశ్రమాన్ని ముందు రోజు రాత్రే టిన్‌లో నింపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

ఇంకాస్త ఆర్భాటం కావాలనుకుంటే ఇదే మిశ్రమాన్ని పఫ్ పేస్ట్రీలో చుట్టి కాల్చవచ్చు. బజారులో దొరికే నకిలీ మాంసపు రోస్టులను మాత్రం నేను బల్ల మధ్యలో పెట్టను. అవి తినేవారిని మాంసంతో పోల్చి చూసుకోమని పిలుస్తున్నట్లు ఉంటాయి, ఆ పోలికలో శాకాహారం ఎప్పుడూ ఓడిపోతుంది.

ప్రశ్న: మాంసం కాల్చినప్పుడు కారే రసంతో గ్రేవీ చేయడమే నాకు తెలుసు. అది లేకుండా గ్రేవీకి ఆ చిక్కని రుచి ఎలా వస్తుంది?

జవాబు: మీరు వెతుకుతున్న రుచికి ‘ఉమామి’ అని పేరు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు రసాన్ని పరిశీలించి, దాని రుచికి గ్లుటమేట్ అనే పదార్థం కారణమని కనుగొన్నారు. అది టమోటాలోనూ, సోయా సాస్‌లోనూ పుష్కలంగా ఉంటుంది. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో ఉండే గ్వానిలేట్ అనే మరో పదార్థం దానికి తోడైతే ఆ రుచి రెండూ కలిపిన దానికంటే మరెంతో గాఢంగా తెలుస్తుంది. కనుక మాంసం లేని గ్రేవీ రుచిలో వెలితిగా ఉండాలన్న నియమమేమీ లేదు.

20 గ్రాముల ఎండు పుట్టగొడుగులను 800 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో అరగంట నానబెట్టండి. ఈలోగా రెండు ఉల్లిపాయలను సన్నగా తరిగి, సన్నని సెగ మీద 30 నుంచి 40 నిమిషాల పాటు ముదురు గోధుమ రంగు వచ్చే వరకు వేయించండి. ఇక్కడ తొందరపడితే రంగు వస్తుంది కానీ తీపి రాదు. తరువాత రెండు టేబుల్ స్పూన్ల మైదా, ఒక చెంచా టమోటా పేస్ట్ వేసి పచ్చి వాసన పోయే దాకా తిప్పి, నానబెట్టిన నీళ్లను మెల్లగా వంచి పోయాలి. గిన్నె అడుగున కొద్దిగా ఇసుక పేరుకుని ఉంటుంది, కాబట్టి చివరి రెండు చెంచాల నీటిని వదిలేయండి. నానిన పుట్టగొడుగులను తరిగి ఇందులోనే వేయవచ్చు. సోయా సాస్ చివరన వేసి, రుచి చూసిన తరువాతే ఉప్పు సంగతి ఆలోచించండి.

ప్రశ్న: శాకాహారమే అనుకుని కొన్న వస్తువుల్లో జంతు సంబంధమైనవి ఉంటాయని విన్నాను. క్రిస్మస్ వంటల్లో ఏవి గమనించాలి?

జవాబు: అన్నిటికంటే ముందు క్రిస్మస్ పుడ్డింగ్‌ను చూడండి. సంప్రదాయంగా అందులో వేసే స్యూయెట్ అంటే పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు. మిన్స్ పైలలో నింపే ఎండు పండ్ల మిశ్రమమైన మిన్స్‌మీట్‌లో ఇప్పుడు మాంసం లేకపోయినా ఈ కొవ్వు ఉండవచ్చు. రెండింటికీ వనస్పతి కొవ్వుతో చేసిన శాకాహార స్యూయెట్ దొరుకుతుంది, ఇంట్లో చేసుకునేవారు చల్లని వెన్నను తురిమి వేసుకోవచ్చు. అసలైన పార్మిజానో రెజ్జానో జున్నును దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తోనే చేయాలన్న నిబంధన ఉంది కనుక అది శాకాహారం కిందికి రాదు. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ చేపలు, మార్ష్‌మాలోలలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, కొన్ని ఎర్రని మిఠాయిల్లో పురుగుల నుంచి తీసే కార్మైన్ రంగు ఉంటాయి. ఆ రంగును డబ్బా మీద ఇ120 అని రాస్తారు. విందు రోజున హడావుడిలో చదవలేం కాబట్టి కొనేటప్పుడే డబ్బా వెనక్కి తిప్పి చూడండి.

ఇక మాంసాహారం కూడా వండే ఇంట్లో అయితే, పక్షి కొవ్వులో వేయించిన బంగాళదుంపలు శాకాహారులకు పనికిరావు. అందరికీ నూనెలోనే వేయించడం తేలిక. ఓవెన్‌లో రెండూ ఒకేసారి పెట్టవలసి వస్తే నట్ రోస్ట్‌ను పై అరలో ఉంచాలి, లేకపోతే మాంసపు రసం దాని మీద చింది పడుతుంది. వడ్డించే గరిటెలు విడివిడిగా ఉంచడం మరవకండి.

ప్రశ్న: మా అతిథుల్లో ఒకరికి గింజపప్పుల ఎలర్జీ ఉంది. నట్ రోస్ట్ చేసి, వారికి వేరేది వండితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అదే వంటగది, అదే కత్తి, అదే బల్ల కనుక ఆ రోజు గింజపప్పులను పూర్తిగా పక్కన పెట్టండి. చిన్న గుమ్మడికాయ పైభాగాన్ని మూతలా కోసి, గింజలు తీసేసి, అన్నం, పుట్టగొడుగులు, ఉల్లిపాయలు, మూలికలు కలిపి నింపి, కత్తి సులువుగా దిగే వరకు కాల్చితే అందరికీ అదే ముఖ్య వంటకం అవుతుంది. ఒకరికి వేరే పళ్లెం పెట్టడం కంటే అందరూ ఒకటే తినడం నాకు నచ్చుతుంది.

ప్రశ్న: మాకు ఒకటే ఓవెన్. ఒంటి గంటకు భోజనం. ఏది ఎప్పుడు పెట్టాలి?

జవాబు: భోజన సమయం నుంచి వెనక్కి లెక్కించండి. ఫ్రిజ్‌లోని టిన్‌ను పదింటికే బయట పెట్టి, పదకొండింటికి 180 డిగ్రీల ఓవెన్‌లో ఉంచండి. అది కాలుతుండగా బంగాళదుంపలను పెద్ద ముక్కలుగా కోసి ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించి, నీళ్లు వంచేసి, మూత పెట్టి గిన్నెను ఒకటి రెండుసార్లు కుదపండి. అంచులు చిట్లి పిండిగా మారినచోటే తరువాత కరకరలాడే పొర ఏర్పడుతుంది. 11:50కి రోస్ట్ తీసి ఫాయిల్‌తోనే పక్కన ఉంచి, ఓవెన్‌ను 220కి పెంచి, నూనె పోసిన ట్రేను ఖాళీగా లోపల పెట్టండి. పావుగంటకు నూనె బాగా కాగుతుంది. బంగాళదుంపలు అందులో వేయగానే చుయ్యిమని శబ్దం రావాలి.

12:30కి చిట్టి క్యాబేజీల్లాంటి బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌ను సగానికి కోసి, కోసిన వైపు ట్రేకు ఆనేలా పరచి పెట్టండి. వాటికి ఇరవై నిమిషాలు చాలు. చాలామందికి అవి నచ్చకపోవడానికి కారణం నీళ్లలో అతిగా ఉడికించినప్పుడు వచ్చే గంధకపు వాసనే తప్ప, ఆ కూరగాయ తప్పు కాదు. 12:45కి రోస్ట్‌ను టిన్ నుంచి ట్రే మీదికి బోర్లించి పది నిమిషాలు లోపల పెడితే మళ్లీ వేడెక్కి, పైన చక్కగా ఎర్రబడుతుంది. గ్రేవీని పొయ్యి మీద వేడి చేసుకోవచ్చు. ముందే వండి ఉంచిన పుడ్డింగ్‌కు ఓవెన్ అవసరమే లేదు, పన్నెండింటికి ఆవిరి గిన్నెలో పెడితే భోజనం అయ్యేసరికి వేడిగా ఉంటుంది. అడుగున నీళ్లు తగ్గుతున్నప్పుడు మాత్రం కాగుతున్న నీళ్లే పోయాలి, చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగిపోతుంది.