ప్రధాన సంఖ్యా, అభాజ్య సంఖ్యా?

సందేహం: 2024 అక్టోబరులో బయటపడ్డ పెద్ద సంఖ్యను ఒకచోట "ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య" అనీ, ఇంకోచోట "అభాజ్య సంఖ్య" అనీ చదివాను. ఏది సరి? ప్రధానమంటే ముఖ్యమైనది కదా, దీనికి అంత ముఖ్యత్వం దేనికి?

సమాధానం: మన బడి పుస్తకాల మాట ప్రధాన సంఖ్యే. అభాజ్య హిందీ పుస్తకాలది. సంస్కృతమే కాబట్టి మనకూ పరాయిది కాదు. భాగించ వీలుకానిదని అర్థం. కానీ 7ను మరే సంఖ్యా భాగించకపోయినా 1 భాగిస్తుంది, 7 కూడా భాగిస్తుంది. కాబట్టి ఆ మాటలో కాస్త అతిశయోక్తి ఉంది.

ఇక ప్రధానం. పెళ్లికి ముందు జరిగే ప్రధానం సంగతి వదిలేయండి. సాంఖ్య దర్శనంవాళ్లు జగత్తుకు మూలమైన ప్రకృతిని ప్రధానమన్నారు. అది దేన్నుంచీ పుట్టదు, తక్కినవే దాన్నుంచి పుడతాయి. 12 పుట్టింది 2, 2, 3ల గుణకారంతో. 2గానీ 3గానీ అలా పుట్టినవి కావు. పేరు పెట్టినవారు ఇంత ఆలోచించారో, ఇంగ్లీషు ప్రైమ్‌ను మక్కికి మక్కి దించారో గానీ, మాట మాత్రం కుదిరింది. నా మొగ్గు దీనివైపే. అభాజ్య అనేవారితో పేచీ లేదు.

పేచీ అల్లా "ప్రపంచంలోనే అతి పెద్ద" అన్నదానితో. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ దాదాపు 2,300 ఏళ్ల కిందటే నిరూపించాడు. "ఇప్పటికి తెలిసినవాటిలో" అన్న ముక్క చేర్చడానికి అంత బద్ధకమా?

ఈ సంఖ్యను చూడగానే నాకు గణితసారసంగ్రహమనే సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన పాతకాలపు కవి పావులూరి మల్లన గుర్తొచ్చాడు. 13,62,79,841 రెళ్లను గుణించి 1 తీసేస్తే వచ్చేది ఇది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి గడిలో రెండు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకు మొత్తం ఎంత? 64 రెళ్లను గుణించి 1 తీసేయాలి. రూపం అదే! ఆ మొత్తాన్ని చెప్పే చంపకమాల ఒకటి మల్లన పేరున ఉంది: "శర శశి షట్క చంద్ర శర సాయక..." ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు: శరాలు, అంటే మన్మథుడి బాణాలు, 5, శశి 1, షట్కం 6. అంకెల నడక కుడినుంచి ఎడమకు కాబట్టి, చివర వచ్చే తుహినాంశుడు, అంటే చంద్రుడే, అన్నిటికంటే ముందు నిలిచే 1. తిరగేసి రాసుకోండి: 18446744073709551615. ఇరవై అంకెలూ రెండు పాదాలు దాటీ దాటకముందే సర్దుకున్నాయి, గణం తప్పలేదు.

ఇది మాత్రం ప్రధాన సంఖ్య కాదు. చివర 5 ఉంది. అసలు ఈ రూపంలో ఉన్నది ప్రధానం కావాలంటే ఎన్ని రెళ్లు వేశామో ఆ లెక్కా ప్రధాన సంఖ్యే కావాలి. 64 కాదు కదా. అలాగని అదొక్కటే చాలదు: 11 రెళ్లు వేసి 1 తీస్తే 2047, అది 23, 89ల లబ్ధం.

కొత్తదానిలో అంకెలు 4,10,24,320. పద్యానికి 20 చొప్పున పెట్టినా 20 లక్షల పద్యాలు దాటతాయి. ఒకట్ల స్థానంలో ఉన్నది 1 కాబట్టి మొదటి పద్యాన్ని "శశి" అని ఎత్తుకోవచ్చు. రెండు లఘువులు, చంపకమాలకు సరిపోతాయి.