స్టార్‌ఫిష్‌లు లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మేం బ్రిస్బేన్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇయర్ 12, అంటే స్కూల్లో చివరి ఏడాది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలను తినేసే స్టార్‌ఫిష్‌ల మీద పరిశోధన చేస్తానని, టౌన్స్‌విల్ వెళ్లి మెరైన్ సైన్స్ చదువుతానని పట్టుబట్టింది. మేం డేటా సైన్స్ అంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మార్కులు, అప్లికేషన్ల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరింట్లో పక్షులు, ఇంకొకరింట్లో రాళ్లు, మీ ఇంట్లో స్టార్‌ఫిష్. అడిగేది కోర్సు గురించే గానీ, లోపలున్న టెన్షన్ వేరు: రేపు పిల్ల ఎలా బతుకుతుంది, నలుగురికీ ఏమని చెప్పుకోవాలి?

ముందు ఆ పనేమిటో చూడండి. ముళ్ల కిరీటం స్టార్‌ఫిష్ పగడం మీదికెక్కి, తన కడుపును బయటికి తీసి దాని మీద పరిచి, అక్కడే అరిగించుకుంటుంది. తిన్నచోట తెల్లటి మచ్చ మిగులుతుంది. 1962లో కెయిర్న్స్ దగ్గరి గ్రీన్ ఐలాండ్‌లో ఇవి గుంపులుగా కనిపించాయి. ఆ తర్వాత కూడా కొన్నేళ్లకోసారి విరుచుకుపడుతూనే ఉన్నాయి. ఎందుకన్నది అరవై ఏళ్లుగా నడుస్తున్న వాదన.

ఒక సిద్ధాంతం ప్రకారం, వరదలు పొలాల్లోని ఎరువులను సముద్రంలో కలుపుతాయి, నాచు లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని స్టార్‌ఫిష్ పిల్లలు ఎక్కువగా బతికి బట్టకడతాయి. ఒక్క ఆడది కోట్ల గుడ్లు పెడుతుంది కాబట్టి, బతికేవి కాస్త పెరిగినా చాలు. ఇంకో సిద్ధాంతం: వాటిని తినే చేపల్ని మనం పట్టేస్తున్నాం.

రెండూ వినడానికి బాగున్నాయి. బాగుంటే సరిపోదు కదా! మొదటిది నిజమైతే తీరానికి దగ్గర్లో, పెద్ద వరదలు వచ్చిన కొన్నేళ్లకు విజృంభణ కనబడాలి. కానీ తీరానికి చాలా దూరంగా ఉన్న స్వెయిన్ రీఫ్స్‌లోనూ ఇవి చెలరేగాయి. రెండోది నిజమైతే చేపల వేట నిషేధించిన పగడపు దిబ్బల మీద తక్కువ ఉండాలి. సర్వేల్లో అలాగే తేలింది, కానీ తేడా వేటదేనా, ఆ దిబ్బలున్న చోటుదా? ఇది చాలదన్నట్టు, పిల్ల స్టార్‌ఫిష్‌లు నాచు తింటూ పగడం కోసం ఆరేళ్లకు పైగా ఆగగలవని ల్యాబులో బయటపడింది. దాంతో వరద ఎప్పుడు, విజృంభణ ఎప్పుడు అన్న లెక్కంతా వదులైపోయింది.

ఈ అంకెలు ఎక్కడినుంచి వస్తాయంటారా? స్నార్కెల్ పెట్టుకున్న మనిషి ఒక పలక పట్టుకుంటే, చిన్న పడవ అతన్ని రెండు నిమిషాలు లాగుతుంది. ఆగి, ఎన్ని స్టార్‌ఫిష్‌లు కనబడ్డాయో, బతికున్న పగడం ఎంత శాతమో రాయాలి. మళ్లీ రెండు నిమిషాలు. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ 1980ల నుంచి ఇదే చేస్తోంది. చిన్నవి సందుల్లో దాక్కుంటాయి కాబట్టి పలక మీద సున్నా ఉంటే నీళ్లలో సున్నా అని కాదు. ఆ సున్నాను ఎంతవరకు నమ్మాలో తేల్చడమే స్టాటిస్టిక్స్. మీరు చదవమంటున్నదీ అదే కదండీ, కాస్త ఉప్పునీటితో.

ఇక డేటా సైన్స్ డిగ్రీల మీద నా అనుమానాలు దాచుకోను. ఎవరో సర్ది ఇచ్చిన పట్టికలతో పిల్లలు మోడళ్లు కట్టి, బ్రహ్మాండంగా వచ్చిందంటారు. ‘ఈ అంకె ఎవరు, ఎలా లెక్కపెట్టారు?’ అంటే బిక్కమొహం వేస్తారు. టూల్స్ ఏడాదికోసారి మారతాయి, ఆ ప్రశ్న మారదు. అందరూ పరిగెడుతున్నారని మీరూ తోయకండి.

మీ అసలు ఉత్తరంలో బంధువుల పిల్లల జీతాల గురించి రెండు పేరాలున్నాయి, ఇక్కడ తీసేశాను. అమ్మాయి స్టార్‌ఫిష్‌లే ఎందుకంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

నిజమే, పరిశోధనలో పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, గ్రాంట్లను బట్టి నడుస్తాయి. కానీ స్టాటిస్టిక్స్ పేపర్లు ఎక్కువ తీసుకుని, స్టాటిస్టిక్స్‌కు వాడే ‘ఆర్’ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న మెరైన్ సైన్స్ పిల్ల ఖాళీగా కూర్చోదు. స్టార్‌ఫిష్‌లకు ఇంజెక్షన్లిచ్చి చంపే డైవర్లను ఏ దిబ్బకు పంపాలో కూడా ఇలాంటి లెక్కలే చెబుతాయి. రేపు మనసు మారితే డేటా ఉద్యోగాల వైపు రావడం కష్టం కాదు. అటునుంచి ఇటు రావడమే కష్టం. మీరడిగిన పోలిక నా దగ్గర ఇంతే.

ఈ రాత్రి అమ్మాయిని ఒక్కటే అడగండి: ఆ రెండు సిద్ధాంతాల్లో నువ్వు దేన్ని నమ్ముతున్నావు, ఏం కనబడితే దాన్ని వదిలేస్తావు? తను చెప్పడం మొదలుపెట్టాక, మధ్యలో జీతం ఊసెత్తకండి.